టూరింగ్ బైక్‌కు వెనక టాప్ బాక్సు: ఘాట్ రోడ్డు మీద కదలకుండా బిగించే పద్ధతి

దక్షిణ ఒడిశాలో రాయగడ, కోరాపుట్, జయపురం, పర్లాకిమిడి, బరంపురం చుట్టుపక్కల టూరింగ్ బైకులు నడిపేవాళ్లు తరచూ అడిగేది ఇదే: "బాక్సు పెట్టించాం, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేసరికి వెనక ఊగుతోంది, ఏం చేయాలి?" చాలాసార్లు తప్పు బాక్సులో ఉండదు. బాక్సు కింద ఉన్న క్యారియర్‌లోనో, క్యారియర్‌ను పట్టుకున్న బోల్టుల్లోనో, బాక్సు ఎంత వెనక్కి కూర్చుందన్న దగ్గరో ఉంటుంది. అందుకే ఇక్కడ బాక్సు గురించి తక్కువ, దాని కింద ఉన్నవాటి గురించి ఎక్కువ చెబుతున్నాం.

1. కొనే ముందు బరువు లెక్క

ముందు బైక్ మాన్యువల్ తీయండి. అందులో రెండు అంకెలు చూడాలి. ఒకటి, మనుషులూ సామానూ కలిపి బండి మోయగల మొత్తం బరువు. రెండోది, వెనక క్యారియర్ మీద పెట్టదగ్గ బరువు. ఈ రెండోది చూసి చాలామంది ఆశ్చర్యపోతారు, అంత తక్కువ ఉంటుంది.

క్యారియర్ పరిమితిలో సామాను ఒక్కటే లెక్కకు రాదు. బేస్ ప్లేటు (క్యారియర్ మీద బిగించే, బాక్సు లాక్ అయ్యే పలక), ఖాళీ బాక్సు కూడా అందులోవే. పరిమితి 10 కిలోలు, ప్లేటుతో కలిపి బాక్సు 5 కిలోలు అయితే మీకు మిగిలింది 5 కిలోలే. క్యారియర్, ప్లేటు, బాక్సు మూడింటికీ వేర్వేరు పరిమితులు రాసి ఉంటాయి. వాటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి.

ఇంత పట్టింపు ఎందుకంటే, బాక్సు వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 150 సెంటీమీటర్లు ఉన్న బండికి, వెనక ఇరుసు నుంచి 30 సెంటీమీటర్లు వెనక్కి 10 కిలోలు పెడితే వెనక చక్రం మీద 12 కిలోలు పడుతుంది. ముందు చక్రం మీద నుంచి 2 కిలోలు తగ్గుతుంది. చదునైన రోడ్డు మీద ఇది తెలియకపోవచ్చు. ఘాట్‌లో ఎక్కుడు మలుపులో గ్యాస్ ఇచ్చినప్పుడు బరువంతా ఎలాగూ వెనక్కి జారుతుంది, దానికి ఇదీ తోడై హ్యాండిల్ తేలికైపోతుంది.

గుంతలో పడ్డప్పుడు అదే 10 కిలోలు క్షణంపాటు రెండు మూడింతల బరువుగా క్యారియర్‌ను కిందికి లాగుతుంది. వెల్డింగులు పగిలేది ఇలాంటి చోటే.

2. ఏ బాక్సు

ఒక ఫుల్‌ఫేస్ హెల్మెట్‌కు 30 లీటర్లు దాటిన బాక్సు చాలు. రెండు హెల్మెట్లు పట్టాలంటే 45 లీటర్ల దగ్గర చూడాలి. 55 లీటర్ల బాక్సు కొనొద్దనే మా సలహా. ఖాళీ ఉంటే నింపుతాం, నింపితే పరిమితి దాటుతాం.

అల్యూమినియం బాక్సు చూడ్డానికి గట్టిగా ఉంటుంది, పైన సామాను కట్టుకోవచ్చు, సొట్ట పడితే సరిచేసుకోవచ్చు. కానీ అదే సైజు ప్లాస్టిక్ బాక్సు కంటే సాధారణంగా బరువు ఎక్కువ. క్యారియర్ పరిమితి తక్కువున్న బండికి మంచి కంపెనీ ప్లాస్టిక్ బాక్సే నయం.

ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీ ప్లేటు మీద కూర్చోదు. గివి అనే ఒక్క కంపెనీ బాక్సుల్లోనే మోనోలాక్, మోనోకీ అని రెండు పద్ధతులున్నాయి, ఒకదాని బాక్సు రెండోదాని ప్లేటుకు ఎక్కదు. సెకండ్‌హ్యాండ్ బాక్సు తీసుకుంటుంటే ప్లేటుతో, రెండు తాళంచెవులతో కలిపే తీసుకోండి.

3. క్యారియర్: కొన్నదా, చేయించినదా

మీ మోడల్‌కే చేసిన క్యారియర్ దొరికితే రెండో ఆలోచన వద్దు. గ్రాబ్ రైలు (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే పైపు) బోల్టులు సబ్‌ఫ్రేములోకి (సీటు కింద వెనక భాగాన్ని మోసే చట్రంలోకి) వెళ్లే చోట్లనే అది కూర్చుంటుంది. కనీసం నాలుగు చోట్ల పట్టు ఉండాలి. రెండు బోల్టులతో వెనక్కి తోకలా సాగిన క్యారియర్ టూరింగ్‌కు పనికిరాదు. గ్రాబ్ రైలు పైపులకు మాత్రమే క్లాంపులు వేసి కట్టే రకాలు కూడా వద్దు, అదురుకు తిరిగిపోతాయి.

దొరక్కపోతే ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. మంచి పనివాడు చేస్తే బాగానే నిలుస్తుంది. కానీ ఈ షరతులు మీరే దగ్గరుండి చూసుకోవాలి:

- వెల్డింగ్ బండి మీద చేయనివ్వొద్దు. క్యారియర్‌ను బండికి బోల్టులతో నిలబెట్టి సుద్దతో గుర్తులు పెట్టుకుని, విప్పి, కింద పెట్టి వెల్డ్ చేయాలి. బండి మీదే కరెంటు పారిస్తే ఇంజిన్ కంట్రోల్ యూనిట్, ఏబీఎస్, బ్యాటరీ దెబ్బతినొచ్చు.
- సబ్‌ఫ్రేముకు ఏ ముక్కా అతికించొద్దు. వేడికి అక్కడి లోహం బలం తగ్గి పగులు మొదలవుతుంది.
- బోల్టు కూర్చునే చోట పైపును నొక్కి చదును చేయకుండా విడిగా మందపాటి పట్టీ ముక్క అతికించాలి. నొక్కిన పైపు ఆ ముడత దగ్గరే విరుగుతుంది.
- పైపు వంపు మొదలయ్యే చోట వెల్డ్ పడకూడదు. వెనక్కి సాగిన భాగానికి కింద నుంచి ఏటవాలుగా ఊతం ఉండాలి.
- పెయింటు కంటే ముందు జింక్ ప్రైమర్ వేయించాలి. పైపు చివరలు మూయించాలి, లేకపోతే ఇక్కడి వానలకు లోపలి నుంచి తుప్పు తింటుంది.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్పేనర్లు, సాకెట్లు: ఎం6 (6 ఎంఎం మందం) బోల్టుకు 10 ఎంఎం, ఎం8కి 12 లేదా 13 ఎంఎం
- అలెన్ కీలు: ఎం6కి 5 ఎంఎం, ఎం8కి 6 ఎంఎం
- ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచి (అద్దెకో, తెలిసిన మెకానిక్ దగ్గర అడిగో)
- 8.8 అని (అది బలం గుర్తు) తలమీద అచ్చుపడిన బోల్టులు, వెడల్పాటి వాషర్లు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండి అదురుకు వదులవనివి)
- నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా మరల్లో గట్టిపడే జిగురు). ఎరుపు వద్దు, అది వేడి చేస్తే గాని విడవదు
- స్పేసర్ బుష్‌లు (ఖాళీని నింపే ఇనుప గొట్టం ముక్కలు), రబ్బరు ముక్కలు, వైరు బ్రష్, గుడ్డ, పెయింటు మార్కర్

బోల్టుల పొడవు సంగతి ముందే చూసుకోండి. గ్రాబ్ రైలు మీద 5 ఎంఎం మందం క్యారియర్ పట్టీ వచ్చిందంటే పాత బోల్టు 5 ఎంఎం తక్కువ లోపలికి పోతుంది. ఇనుములో ఎం8 బోల్టు కనీసం 8 ఎంఎం లోతు పట్టాలి. అలాగని మరీ పొడవుది వేస్తే లోపల వైర్లకో, మడ్‌గార్డుకో తగులుతుంది. వేసే ముందు రంధ్రంలో సన్నపు పుల్ల పెట్టి లోతు కొలవండి.

5. క్యారియర్ బిగించే వరుస

ఈ పనిలో సగం ఫలితం ఇక్కడే తేలుతుంది. తొందర పడొద్దు.

చదును నేల మీద బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టండి. సీటు తీయండి, గ్రాబ్ రైలు విప్పండి. విప్పేముందు ఫోనుతో ఫొటో తీస్తే ఏ వాషరు ఎక్కడిదో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

సబ్‌ఫ్రేము రంధ్రాల్లోని మట్టి, తుప్పు బ్రష్‌తో దులపండి. కొత్త బోల్టును చేత్తో తిప్పి చూడండి, చివరిదాకా చేత్తోనే పోవాలి. మధ్యలో బిగుసుకుంటే స్పేనర్ వేయొద్దు, త్రెడ్ అడ్డం పడిందన్నమాట. వెనక్కి తీసి మళ్లీ నిటారుగా మొదలుపెట్టండి.

ఇప్పుడు క్యారియర్ పెట్టి అన్ని బోల్టులూ చేత్తో మూడు నాలుగు చుట్లు మాత్రమే తిప్పండి. ఒక్కటి కూడా బిగించొద్దు. ఒక మూల పూర్తిగా బిగిస్తే ఎదుటి మూల రంధ్రం తప్పిపోతుంది. అప్పుడు బలవంతంగా లాగి పెట్టిన క్యారియర్‌లో ఎప్పటికీ ఒత్తిడి ఉండిపోతుంది. పగిలేది అదే.

క్యారియర్ పట్టీకీ బండికీ మధ్య ఖాళీ కనిపిస్తే దాన్ని బోల్టుతో లాగి మూయొద్దు. ఆ ఖాళీ ఎంతో కొలిచి, అంతే మందం ఉన్న ఇనుప బుష్ పెట్టాలి. రబ్బరు వాషర్ల దొంతర పెట్టడం మామూలుగా చేసే తప్పు. రబ్బరు నలుగుతుంది, నలిగిన కొద్దీ బోల్టు వదులవుతుంది.

అంతా సరిగ్గా కూర్చుందని చూశాక ఒక్కో బోల్టు తీసి, నూనె తుడిచి, రెండు చుక్కల థ్రెడ్ లాకర్ వేసి మళ్లీ పెట్టండి. నూనె ఉంటే లాకర్ పట్టదు. నైలాక్ నట్టు ఉన్న చోట లాకర్ అక్కర్లేదు.

బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు, రెండు విడతలుగా. మొదటి విడత సగం బలం, రెండోది పూర్తి. మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. లేకపోతే ఇనుములోకి వెళ్లే 8.8 బోల్టుకు ఎం6 అయితే 8 నుంచి 10, ఎం8 అయితే 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు. చివర్లో బోల్టు తల మీద నుంచి పట్టీ మీదకు పెయింటు మార్కర్‌తో ఒక గీత గీయండి. ఇక ముందు బోల్టు కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది.

లాకర్ పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది. అందుకే ప్రయాణం రేపు పొద్దున అనగా ఈ పని పెట్టుకోవద్దు.

6. బేస్ ప్లేటు: ఎంత ముందుకు వస్తే అంత మంచిది

ప్లేటును క్యారియర్ మీద పెట్టి, దానిపై ఖాళీ బాక్సు పెట్టి, వెనక కూర్చునే మనిషిని కూర్చోబెట్టండి. హెల్మెట్, జాకెట్ వేసుకునే కూర్చోవాలి, మామూలు బట్టల్లో కొలిస్తే లెక్క తప్పుతుంది. వీపుకు, బాక్సుకు మధ్య చెయ్యి దూరేంత సందు చాలు. మూత తెరిచినప్పుడు సీటుకు తగలకుండా ఉంటే అదే స్థానం. అంతకంటే వెనక్కి ఒక్క అంగుళం కూడా జరపొద్దు.

ఒంటరిగానే తిరిగేవాళ్లు బాక్సును సీటు మీదకు కాస్త వచ్చేలా ముందుకు పెట్టుకోవచ్చు. బండి తీరు ఎంత మారుతుందో వెంటనే తెలుస్తుంది.

రంధ్రాలు వేయాల్సి వస్తే సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, 3 ఎంఎం డ్రిల్‌తో మొదలుపెట్టి, ఎం6 బోల్టుకు 6.5 ఎంఎం దాకా పెంచండి. అంచుల గరుకు తీసి, బయటపడ్డ ఇనుముకు ప్రైమర్ పూయండి.

ప్లాస్టిక్ ప్లేటు దగ్గర రెండు జాగ్రత్తలు. బోల్టు తల కింద వెడల్పాటి వాషరు తప్పనిసరి, లేకపోతే గుంతల అదురుకు తల ప్లాస్టిక్‌లోంచి దూసుకుపోతుంది. ఇక్కడ థ్రెడ్ లాకర్ వాడొద్దు. అది చాలా రకాల ప్లాస్టిక్‌ను పెళుసుగా చేసి పగుళ్లు తెస్తుంది. నైలాక్ నట్లే వాడండి, కంపెనీ చెప్పిన బలం మించొద్దు.

7. బాక్సు ఎక్కించి చూడటం

ముందు కొక్కేలు ప్లేటు గాడుల్లో పడ్డాక వెనక వైపు నొక్కితే టక్‌మని చప్పుడు రావాలి. ఆ చప్పుడును నమ్మి వదిలేయొద్దు. బాక్సు వెనక అంచు పట్టుకుని పైకి లాగండి, పక్కలకు ఊపండి. బాక్సుతో పాటు బండి కూడా కదిలితే సరిగ్గా కూర్చున్నట్టు. బాక్సు ఒక్కటే కదిలితే లాక్ పడలేదు. దారిలో ఊడిపోయే బాక్సులు చాలావరకు గాడిలో మట్టి ఇరుక్కుని లాక్ సగమే పడ్డవి.

వెనకకు పది అడుగులు నడిచి వెళ్లి చూడండి. నంబరు ప్లేటు, టెయిల్ లైటు, ఇండికేటర్లు, రిఫ్లెక్టరు అన్నీ కనిపించాలి. ఒకటి మూసుకుపోయినా స్థానం మార్చాల్సిందే. బాక్సు నీడ టెయిల్ లైటు మీద పడే బండ్లకు బాక్సు వెనక ఎర్రటి రిఫ్లెక్టివ్ టేపు అతికించండి. చలికాలపు పొద్దున పొట్టంగి, కోరాపుట్ వైపు మంచులో వెనక వచ్చే లారీకి కనిపించాలి.

బాక్సులో బ్రేక్ లైటు ఉంటే, స్టాప్ లైటు వైరు నుంచి ఫ్యూజుతో తీసుకుని, టంకం వేసి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగించండి. వైరు చీల్చి చుట్టి టేపు వేస్తే మొదటి వానకే తుప్పు పడుతుంది. బండి వారంటీలో ఉంటే షోరూములో అడిగాకే వైరు ముట్టండి.

8. నీళ్లు, దుమ్ము

బాక్సు లోపల న్యూస్‌పేపరు పరచి, మూత వేసి, పైపుతో ఐదు నిమిషాలు నీళ్లు కొట్టండి. ఎక్కడ కాగితం తడిస్తే పైన అక్కడే రబ్బరు సరిగ్గా ఆనలేదన్నమాట. రబ్బరును తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పెట్రోలు, ఇంజిన్ ఆయిలు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

నీళ్లు ఆపిన బాక్సు కూడా ఎర్రమట్టి దుమ్మును ఆపకపోవచ్చు. పరుగెత్తే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి దుమ్మును వెనక్కి లాక్కుంటుంది. కాగితాలు, కెమెరా, బట్టలు లోపల మరో వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టడమే దీనికి మందు.

9. బండిని బరువుకు సరిచేయడం

బాక్సు పెట్టి సస్పెన్షన్ ముట్టకపోవడం మేం ఎక్కువగా చూసే లోపం.

*ప్రీలోడ్ (వెనక స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచామన్నది):* వెనక చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి నిటారుగా పైన ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత మనుషులూ సామానూ ఎక్కాక మళ్లీ కొలవండి. తేడా, చక్రం పైకీ కిందికీ కదలగల మొత్తం దూరంలో మూడో వంతు దగ్గర ఉండాలి. చక్రం 180 ఎంఎం కదిలే బండికి 55 నుంచి 60 ఎంఎం. అంతకంటే కుంగితే ప్రీలోడ్ పెంచండి.

*టైరు గాలి:* ఇద్దరూ సామానూ ఉన్నప్పటికని మాన్యువల్‌లో రాసిన అంకె. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

*చైను:* బరువు ఎక్కాక చైను బిగుసుకుపోతుంది. మనిషి కూర్చున్నప్పుడు కూడా కాస్త వదులు మిగలాలి.

*హెడ్‌లైటు:* గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలిపి, బరువు లేనప్పుడు డిమ్ వెలుగు పై అంచుకు గుర్తు పెట్టండి. బరువు ఎక్కించాక వెలుగు పైకి పోతుంది, దాన్ని ఆ గుర్తుకే దించండి.

10. సర్దడం

- బరువైనవి (పానాలు, పంపు, నీళ్లు, ట్యూబులు) ట్యాంకు బ్యాగులోనో, పక్క సంచుల్లో అడుగునో
- బాక్సులో తేలికైనవి: బట్టలు, రెయిన్ కోటు, దుప్పటి, దిగాక హెల్మెట్
- బాక్సులో ఉన్నంతలో బరువైనది అడుగున, ముందు గోడకు ఆనించి
- ఖాళీ మిగిలితే గుడ్డలు కుక్కాలి. దొర్లే సామాను లాక్‌ను కొడుతూ ఉంటుంది
- పెట్రోలు డబ్బా ఎప్పుడూ వద్దు

కోరాపుట్ కాలాజీరా బియ్యం ఐదు కిలోల సంచి కొంటే, అది బాక్సులోకి కాదు, పక్క సంచిలోకి వెళ్లాలి. ఒక్క సంచితోనే మీ పరిమితి నిండిపోతుంది.

సైడు స్టాండు మీద ఉన్న బండి బాక్సులో సామాను నింపొద్దు, ఒరిగిపోవచ్చు. సెంటర్ స్టాండు వేసి నింపండి. ఎక్కేటప్పుడు కాలు మామూలుగా వెనక నుంచి తిప్పితే బాక్సుకు తగులుతుంది. మోకాలు మడిచి సీటు మీదుగా దాటించడం ఇంటి ముందే అలవాటు చేసుకోండి.

11. మొదటి ప్రయాణం

ముందు ఖాళీ బాక్సుతో 50 కిలోమీటర్లు తిరగండి, గుంతలున్న రోడ్డు అయితే ఇంకా మంచిది. వచ్చాక పెయింటు గీతలు చూడండి. తర్వాత సగం బరువుతో ఇంకో 200 కిలోమీటర్లు, మళ్లీ చూడండి. ఆ తర్వాత చైనుకు నూనె వేసే ప్రతిసారీ ఒక చూపు చాలు.

బాక్సు లోపలి స్టిక్కరు మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు. ఛత్రపురం నుంచి చిలికా పక్కగా వెళ్లే ఎన్‌హెచ్ 16 మీద పక్కగాలి కొడితే బాక్సు తెరచాపలా పనిచేస్తుంది, అక్కడ వేగం ఇంకా తగ్గించాలి.

వేగంలో వెనక ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయొద్దు, హ్యాండిల్‌ను బిగపట్టొద్దు. గ్యాస్ నెమ్మదిగా తగ్గించి, శరీరం కాస్త ముందుకు వంచండి. ఆగాక కారణం వెతకండి.

12. ఏం తప్పితే ఏం చేయాలి

వేగంలో ఊగుడు. ముందు బాక్సు బరువు తగ్గించి చూడండి. తగ్గితే కారణం బరువు, స్థానం. తగ్గకపోతే టైరు గాలి, ప్రీలోడ్, ఆ తర్వాత స్టీరింగ్ బేరింగు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్‌లు. బాక్సు చాలాసార్లు పాత అరుగుదలను బయటపెడుతుంది.

కటకట చప్పుడు. బాక్సుకూ ప్లేటుకూ మధ్య రబ్బరు ప్యాడ్లు అరిగి ఉంటాయి. కొత్తవి వేయండి. లేకపోతే రెండు ఎంఎం రబ్బరు షీటు ముక్క అతికించండి. అంతకంటే మందం అయితే లాక్ పడదు.

ఒకే బోల్టు మళ్లీ మళ్లీ వదులవడం. ఇంకా బిగించడం దీనికి మందు కాదు. ఆ మూలలో బుష్ తక్కువైందనో, పట్టీ వంకరగా కూర్చుందనో అర్థం. నాలుగు బోల్టులూ వదులు చేసి మొదటి నుంచి మళ్లీ బిగించండి.

వెల్డ్ దగ్గర పెయింటు మీద వెంట్రుకవాసి గీత, పక్కన తుప్పు రంగు. అది పగులు. ఆ రోజుకు బాక్సు ఖాళీ చేసి సామాను వీపు సంచిలోకో పక్క సంచుల్లోకో మార్చి ఇంటికి రండి. పైన పెయింటు పూసి, పైపైన మరో వెల్డ్ చుక్క పెట్టి వదిలేయొద్దు. పగులు చివరిదాకా గ్రైండ్ చేసి, మళ్లీ నింపి, దగ్గర్లో ఊతం వేయించాలి. కొన్న క్యారియర్ అయితే మార్చేయండి.

తాళం తిరగకపోవడం. ఎర్రదుమ్ము. గ్రాఫైట్ పొడి ఊదండి. నూనె పోస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. రెండో తాళంచెవి ఎప్పుడూ బాక్సులో కాకుండా జేబులో ఉండాలి.

ఎక్కుడులో హ్యాండిల్ తేలిక. బాక్సులోని బరువు సగానికి తగ్గించి ట్యాంకు బ్యాగులోకి మార్చండి, ప్రీలోడ్ ఇంకో గాటు పెంచండి. అప్పటికీ మారకపోతే బేస్ ప్లేటును ముందు రంధ్రాల్లోకి జరపాల్సిందే.